ఈక దాటని కాపలా

"సంచి తెచ్చాను. నువ్వే పట్టిస్తావా, నన్ను పట్టుకోమంటావా?"

సోబారీ పెరటి గుమ్మం ముందు నిలబడి గోనె సంచి దులిపాడు. లుంగీ మోకాళ్ళ పైకి కట్టాడు. ముక్కుకు తువ్వాలు చుట్టాడు. అయినా తాను వాడపెద్దనన్న సంగతి ఆ తువ్వాలు దాటుకుని మరీ కనబడుతోంది.

నినింగ్ తడిక తలుపుకు అడ్డంగా నిలబడింది. చేతిలో చీపురు ఉంది. దాన్ని కిందకి దించే ఉద్దేశం ఆమెకు లేదు.

"ఎవరి ఆర్డరు, మాంగ్?" వాడలో పెద్ద మగవాళ్ళందరూ ఆమెకు మాంగ్‌లే, మామయ్యలే.

"నాదే. మూడిళ్ళలో పుంజులు నురగ కక్కి చచ్చాయి. మా ఇంట్లో ఒకటి, ఎంగ్కోస్ ఇంట్లో ఒకటి, కోకోమ్ ఇంట్లో ఒకటి. ఈ వాడలో రోజూ బజారుకి గుడ్లు మోసేది నువ్వొక్కదానివే. నీ కోళ్ళు మాత్రం పెళ్ళికూతుళ్ళలా నిగనిగలాడుతున్నాయి. ఇంకేం కావాలి?"

"బాగున్నందుకు చంపుతారా?"

"రోగం మోసుకొచ్చినందుకు, నెంగ్!" అమ్మాయీ అని పిలిచే ఆ మాటే ఈసారి కసురులా వినబడింది.

కంచె చుట్టూ వాడ వాడంతా మూగింది. కొందరు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు, కొందరు మరచిపోయారు. అంతలో పెరట్లో ఎత్తయిన వెదురు పంజరంలోంచి లాయుంగ్ మెడ సాచాడు. పెలుంగ్ జాతి పుంజు. మామూలు పుంజులా కూసి ఊరుకునే రకం కాదు, పాట సాగదీస్తాడు. లోయలోంచి ఎక్కినట్టు మొదలెట్టి, నడుమ నిలబెట్టి, చివర్న మెలిక తిప్పి, మెల్లగా నేలమీదికి దించాడు.

గోల సద్దుమణిగింది. ఈ లెంబూర్ జెరుక్ వాడలో పుంజు పాడుతుంటే ఎవరూ మాట్లాడరు. సంచి పట్టుకున్నవాడు కూడా మాట్లాడడు.

"చివర బాగా తిప్పాడు," అన్నాడు సోబారీ ఇష్టం లేకుండానే. వెంటనే తల విదిలించుకున్నాడు. "అయినా సరే. సంచిలో వేయాల్సిందే."

"సంచి కింద పెట్టండి!"

వెనక నుంచి వచ్చిన గొంతు పశువుల డాక్టర్ వులాన్‌ది. తెల్లటి ప్లాస్టిక్ కోటు, రబ్బరు బూట్లు, నుదుటి మీద చెమట. బూట్లను మందునీళ్ళ బకెట్‌లో ముంచి మరీ దగ్గరికొచ్చింది. "కోళ్ళను పట్టే పని మాది. మీరు ఒట్టి చేతులతో పట్టుకుని, అవే చేతులతో అన్నం తింటారు. తర్వాత నేను మిమ్మల్ని పట్టుకోవాల్సి వస్తుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టర్ నవ్వలేదు.

"పరీక్ష చేశాను. కొక్కెర తెగులు కాదు. బర్డ్ ఫ్లూ. చచ్చిన పుంజులున్న మూడిళ్ళ కోళ్ళన్నీ తీసెయ్యక తప్పదు. మిగతా ఇళ్ళ సంగతి మీ చేతిలో ఉంది. రోగం ఏ దారిన వచ్చిందో తెలిస్తే, ఆ దారి మూసి, మిగతావాటిని గూళ్ళలో పెట్టి కనిపెట్టుకుని ఉంటాం. తెలియకపోతే వాడంతా ఖాళీ చెయ్యాలి. పిల్లతో సహా. మధ్యాహ్నం దాటాక అసర్ నమాజు వేళకి మా బండి వస్తుంది."

'వాడంతా' అన్న మాట దగ్గర ఆడవాళ్ళందరూ ఒక్కసారే గొల్లుమన్నారు.

"దారి ఇక్కడే ఉంది కదా, డాక్టరమ్మా!" సోబారీ వేలు నినింగ్ మీదికి తిరిగింది.

నినింగ్ పంజరం వైపు చూసింది. లాయుంగ్‌ని ఆమె గుడ్డులో ఉండగానే ఎరుగును. తల్లికోడి పొదగనని లేచిపోతే గుడ్డ చుట్టిన దీపం పక్కన పెట్టి తానే పొదిగింది. వాడు పోతాడు, పెట్టలు పోతాయి. వాటితోపాటు పేరూ పోతుంది. 'రోగం తెచ్చిన నినింగ్' అని ఒక్కసారి పేరు పడితే కొండ కిందా మీదా ఒక్క మనిషి కూడా ఆమె చేతి గుడ్డు ముట్టడు.

"నేను బజారు నుంచి వస్తే చెప్పులు గేటు బయటే విడుస్తాను," అంది. "గుడ్ల అట్టలు సబ్బునీళ్ళలో కడిగి ఎండలో పెడతాను. 'నినింగ్ చెక్‌పోస్టు' అని మీరంతా నవ్వలేదూ? అమ్ముడుపోని కోడిని ఏనాడైనా వెనక్కి తెచ్చానా? డాక్టరమ్మా, బండి వచ్చేదాకా నన్ను వెతకనివ్వండి. దారి నేను చూపిస్తాను."

డాక్టర్ ఆమె వాకిట్లోని సబ్బు బకెట్‌ని చూసింది. "వెతుకు. గూళ్ళలోకి మాత్రం వెళ్ళకు. కంచె బయట నుంచే మాట్లాడు. ఇంటింటికీ కాళ్ళు కడుగు."

"పట్టుకో కోడలా!" అరుగు మీద నుంచి ఓనిహ్ అంబు అరిచింది. నినింగ్ అత్తగారు; వాడంతా ఆమెని అంబు అనే, అంటే అమ్మా అనే పిలుస్తుంది. ఒంటిపన్ను మీద ఆకూ వక్కా ఆడిస్తూ పొద్దుటి నుంచీ అక్కడే కూర్చుని ఉంది. "వాడెవడో నా కళ్ళబడితే ఉందిలే! మన లెంబూర్ జెరుక్ పుంజుల్ని పొట్టన పెట్టుకున్న పాపాత్ముడు!"

* * *

మొదట సోబారీ ఇల్లు. అది రోడ్డు మలుపులోనే, కాపలా బొంగు పక్కనే ఉంది. రోగం వార్తలు మొదలైన దగ్గర్నుంచీ సోబారీ అడ్డంగా వెదురు బొంగు కట్టి, బెంచీ వేసుకుని కూర్చుని, వచ్చేపోయే ప్రతి సంచీ తడిమి చూస్తున్నాడు. పెళ్ళికి వెళ్ళొచ్చేవాళ్ళ పలావు పొట్లాలు కూడా విప్పించాడని వాడంతా చెప్పుకుంటుంది.

"నా బొంగు కింద నుంచి కోడి కాదు, ఈక కూడా దాటలేదు," అన్నాడు సోబారీ, తానే ఆమె వెంట వచ్చి కంచెకి ఆనుకుంటూ. "నువ్వు తప్ప ఇంకెవరు తెస్తారు?"

నినింగ్ పెరటిలోకి తొంగి చూసింది. చచ్చిన పుంజు పంజరం చూరుకి వేలాడుతోంది. మనిషి ఎత్తు కంటే ఎత్తు. కింద పెట్టలు ఆరుబయట తిరుగుతున్నాయి. మురుగులో, చెత్తలో, పక్కింటి బాతుల మధ్యన. వాటిలో రెండు ఇవాళే మెడలు వాల్చాయి. మిగతావి ఇంకా గింజలు ఏరుకుంటున్నాయి.

"మాంగ్, ముందు చచ్చింది పైనున్నవాడేగా?"

"అవును. పాపం నా బిడ్డ! ఇంకో నెలలో పాటల పోటీకి దిగేవాడు. కంచన గొంతు వచ్చేది వాడికి. కంచన గొంతు!"

"కింద మురికిలో తిరిగేవాటికి ఇవాళ్టిదాకా ఏమీ కాకుండా, కాలు నేలమీద మోపని వాడికి ముందెలా వచ్చింది?"

సోబారీ చూరు కింది పంజరం వైపు చూశాడు. తువ్వాలు సర్దుకున్నాడు. "అది డాక్టర్ని అడుగు," అని కాపలా బెంచీ మీదికి పోయి కూర్చున్నాడు.

కోకోమ్ కొట్టు రెండో మలుపులో ఉంది. కోకోమ్ కొట్టు బల్ల మీద తల ఆనించి, కళ్ళు ఎర్రగా చేసుకుని కూర్చుంది. పుంజు పోయిన రోజే దాన్ని లవంగం చెట్టు కింద పాతిపెట్టి, పైన పూలు కూడా చల్లింది. ఇవాళ డాక్టర్ తవ్వి తీయించిందని ఆ బాధ వేరే.

"బీబీ, మీ వాడి గూటికి ఎవరైనా వచ్చారా?" పిన్నిని పలకరించినట్టు మెల్లగా అడిగింది నినింగ్.

"ఎవరొస్తారమ్మా? నేనే వేళ్ళతో ముద్దలు పెట్టేదాన్ని. గూడు రోజూ కడిగేదాన్ని. మా ఆయనకి ఏనాడూ అంత చెయ్యలేదు."

"మీ పెట్టలో?"

"నిన్నటిదాకా రాయిలా ఉన్నాయి. వాడే ముందు పోయాడు." కోకోమ్ ముక్కు చీదింది. "కంచనలా పాడేవాడు, నెంగ్. రాసిపెట్టుకో, అచ్చంగా కంచనలా!"

నినింగ్ రెండడుగులు వేసి ఆగిపోయింది.

కంచన. కొండ అవతల ఊళ్ళో ఉన్న పుంజు. మూడేళ్ళుగా దాన్ని ఓడించినవాళ్ళు లేరు. దాని గొంతుకీ సోబారీ పుంజుకీ చుట్టరికం లేదు. కోకోమ్ పుంజుకీ లేదు, అది ఆమె అన్న ఇచ్చిన పిల్ల. ఇంకా సరిగ్గా కూత రాని పడుచు పుంజులు అవి. వాటికి కంచన గొంతే వస్తుందని ఇద్దరికీ ఒకే నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది?

ఎంగ్కోస్ తన ఇంటి ముందు టోఫు వేయిస్తున్నాడు. మనిషి భారీగా ఉంటాడు, మనసు మాత్రం వెన్నముద్ద. నూనెలో టోఫు ముక్కలు తిప్పుతూ భుజంతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. నినింగ్ అతన్ని ఓదార్చలేదు. పొయ్యికి ఇవతలే నిలబడి పెదవి విరిచింది.

"పోనీలెండి మాంగ్. మీ పుంజు ఉన్నా ఏం లాభం? కప్ప గొంతు వాడిది."

గరిటె ఆగిపోయింది. "ఏమిటీ?"

"కప్పకైనా వాన చూస్తే ఉత్సాహం వస్తుంది. వాడికి అదీ లేదు. పోటీలో జడ్జీలు చెవిలో దూది పెట్టుకునేవారు."

"నోరు మూసుకో! కంచన ఎంగిలి నీళ్ళు తాగిన పుంజు నాది! ఒక్క బొట్టు కింద పడకుండా తాగాడు! కప్పంటావా?"

అని, ఎంగ్కోస్ తన నోరు తానే మూసుకున్నాడు. గరిటె నూనెలో పడింది.

నినింగ్ ఆ మాట పట్టేసింది. ఎంగిలి నీళ్ళు. గెలిచిన పుంజు తాగి వదిలిన నీళ్ళు పడుచు పుంజుకి తాగిస్తే ఆ గొంతు దీనికి దిగుతుందని ఈ కొండ మీద నమ్మని ఇల్లు లేదు. ఆమె తండ్రి కూడా ఒక గ్లాసెడు నీళ్ళ కోసం వానలో కొండ దాటి పోయినవాడే. కోడి దాటలేదు. గుడ్డు దాటలేదు. ఈక దాటలేదు. సోబారీ అబద్ధం చెప్పలేదు. అతను కాచింది కోళ్ళని. నీళ్ళని కాదు.

"ముగ్గురికీ ఇచ్చారన్నమాట," అంది మెల్లగా.

"ముగ్గురా?" ఎంగ్కోస్ ముఖం ఎర్రబడింది. "నాకొక్కడికే అని చెప్పిందే! ఎవరికైనా చెబితే గొంతు దిగదని ఒట్టు వేయించుకుంది!"

"సోబారీ మాంగ్ కూడా అదే అనుకుంటున్నాడు. కోకోమ్ బీబీ కూడా. ఎవరు మాంగ్? ఎవరిచ్చారు?"

"ఒట్టు వేశాను నెంగ్. చెబితే గొంతు..."

"పుంజే లేదు. ఇంక గొంతెక్కడ దిగుతుంది?"

ఎంగ్కోస్ ఆలోచించాడు. ఆ మాటలో న్యాయం ఉందని అతనికీ అర్థమైంది. అయినా తల అడ్డంగా ఊపాడు. "ఎవరికైనా చెబుతాను. నీకు మాత్రం చెప్పలేను."

"నాకు మాత్రం ఎందుకు చెప్పలేరు?"

ఎంగ్కోస్ వేడి వేడి టోఫు ముక్క నోట్లో కుక్కుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగినా ఉమ్మలేదు, మాట్లాడలేదు. ఓరగా నినింగ్ ఇంటి వైపు మాత్రం చూశాడు.

ఆ చూపు చాలింది.

పోయినవారం ఆమె వంటింటి గూట్లో పాత అల్లం కషాయం సీసా ఒకటి నీళ్ళతో ఉండేది. నినింగ్ తీయబోతే అత్తగారు చేతి మీద కొట్టింది. "ముట్టకు! మోకాళ్ళ మందు. మా చెల్లెలిచ్చింది." చెల్లెలిది కొండ అవతలి ఊరే. కంచన ఆ చెల్లెలి అల్లుడి పుంజే. అత్తగారు కొండ దిగి వచ్చిన రోజు సోబారీ ఆమె సంచి తడిమాడట, నీళ్ళసీసా చూసి నమస్కారం పెట్టి పంపాడట. ఆ సంగతి అత్తగారే గర్వంగా చెప్పుకుంది. మోకాళ్ళ మందు రెండ్రోజుల్లో అయిపోయింది. మోకాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి.

మరి లాయుంగ్‌కి ఎందుకు పోయలేదు? ఆ జవాబు వెతుక్కోనక్కర్లేకుండానే తట్టి, ఆ గాభరాలోనూ నినింగ్‌కి నవ్వొచ్చింది. తెల్లవారుజాము ఫజర్ నమాజు అయ్యాక కాస్త కునుకు తీద్దామంటే ఈ రాక్షసుడు పడనివ్వడని అత్తగారు రోజూ చెవుల్లో దూది కుక్కుకుని తిట్టేది. ఉన్న గొంతే ఎక్కువైన పుంజుకి ఇంకో గొంతు కూడా పోస్తుందా? ఆ నిద్ర మీది ప్రేమే లాయుంగ్‌ని కాపాడింది.

నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అసర్ అజాన్ వినబడుతోంది. కింద రోడ్డు మీద బండి ఇంజను శబ్దం.

* * *

సోబారీ ఇంటి ముందు ఖాళీ స్థలంలో అందరూ చేరారు. అత్తగారు అరుగు దిగి వచ్చి, ఎవరో వేసిన ప్లాస్టిక్ కుర్చీలో ముందు వరసలో కూర్చుంది. ఆకు నములుతూనే ఉంది. తెల్లకోట్లవాళ్ళు బండి దిగి చేతి తొడుగులు తొడుక్కుంటున్నారు.

"దొరికిందా దారి?" అడిగింది డాక్టర్ వులాన్.

"దొరికింది. నీళ్ళు," అంది నినింగ్. "కంచన అని కొండ అవతల ఒక పుంజు ఉంది. అది తాగి వదిలిన నీళ్ళు మా వాడకి వచ్చాయి. మూడు పుంజులకి తాగించారు. ఆ మూడే ముందు చచ్చాయి."

వెంటనే మూడు తిట్లు ఒకేసారి వినబడ్డాయి.

"నీకూ ఇచ్చారా?" సోబారీ ఎంగ్కోస్ వైపు తిరిగాడు.

"నీకూనా? నాకొక్కడికే అన్నారు!"

"చెప్పు తెగుద్ది మీ ఇద్దరికీ, అసలు నాకు ముందు ఇచ్చింది!" అంది కోకోమ్.

"అంటే కాపలా పెట్టుకుని, ఎంగిలి నీళ్ళు మీ గూట్లోనే పోసుకున్నారా మాంగ్?" వెనక నుంచి ఎవరో అడిగారు. వాడంతా పగలబడి నవ్వింది. సోబారీ తువ్వాలు ముఖమంతా కప్పేసుకున్నాడు.

"నీళ్ళకి రోగమేమిటే!" అత్తగారు కుర్చీలోంచి గట్టిగా అంది. "కంచన ఏనుగులా ఉంటాడు. వాడికి రోగమా? ఆ రోజు కాస్త ముక్కు కారుతున్నట్టుంది, అంతే. అది చలికి."

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. నినింగ్ మాత్రం విని కళ్ళు మూసుకుంది. డాక్టర్ అప్పటికే ఫోను చెవికి పెట్టుకుని పక్కకి నడిచింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె ముఖం మారిపోయింది.

"కంచన పోయినవారమే చచ్చిపోయింది. పోటీ పరువు పోతుందని యజమాని ఎవరికీ చెప్పకుండా పాతిపెట్టాడు. మావాళ్ళు ఇప్పుడే అక్కడికి బయల్దేరారు."

అత్తగారి దవడ ఆగిపోయింది. ఆకు నమలడం ఆగిపోయింది. పొద్దుటి నుంచీ అరుస్తున్న మనిషి ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు కుర్చీలో ఒదిగిపోయింది.

"నినింగ్ మీద మాట పోయినట్టే," అంది డాక్టర్. "కానీ ఇంకా ఆగలేను. మూడిళ్ళకే ఇచ్చారని మీకెలా తెలుసు? ఒకరికి ఇచ్చింది ఇంకొకరికి తెలియదు. నాలుగో ఇల్లు ఉండొచ్చు, అయిదోది ఉండొచ్చు. ఏ గూట్లో ఆ నీళ్ళు పడ్డాయో ఇచ్చినవాళ్ళకే తెలుసు. వాళ్ళెవరో చెబితేనే మిగతా కోళ్ళు మిగులుతాయి. లేదా బండి ఇంటింటికీ వెళ్తుంది."

సోబారీ ఆకాశం వైపు చూశాడు. ఎంగ్కోస్ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. కోకోమ్ కొంగు నోట్లో కుక్కుకుంది. ముగ్గురూ నినింగ్ వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడుతున్నారు.

నినింగ్ అత్తగారి ముఖంలోకి చూసింది. కొత్తకోడలుగా వచ్చినప్పుడు గుడ్డుని దీపానికి అడ్డం పట్టి లోపలి ప్రాణం చూడడం నేర్పింది ఆవిడే. ఇప్పుడు తాను నోరు విప్పితే సాయంత్రం పని నుంచి మొగుడు వ్యాను దిగి వచ్చి 'మా అమ్మ పేరు నలుగురిలో పెడతావా' అంటాడు. అననీ. నోరు మూసుకుంటే ఇంటింటి గూడూ ఖాళీ అవుతుంది. పెరటి వెదురు పంజరం కూడా.

ఎవరికీ చెడు చేద్దామని చేసింది కాదు. మన వాడ పుంజు ఒక్కసారైనా గెలవాలని, ముసలి మోకాళ్ళతో కొండ దాటి మోసుకొచ్చింది. కానీ నాలుగో ఇల్లుందో లేదో ఆ ముసలి గుండెకే తెలుసు.

తెల్లకోట్లవాళ్ళు మొదటి వాకిలి వైపు అడుగు వేశారు.

నినింగ్ నడిచి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ పక్కన నేలమీద చతికిలబడింది. ముడతలు పడ్డ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అత్తగారు వెనక్కి లాక్కోలేదు. పైగా కోడలి వేళ్ళని గట్టిగా పట్టుకుంది.

"ఎవరమ్మా?" అంది డాక్టర్. "గట్టిగా చెప్పు."

నినింగ్ గట్టిగానే చెప్పింది, ఆఖరి ఇంటిదాకా వినబడేలా.

"మా అత్తగారు. ఓనిహ్ అంబు."